వనమునికి సహచర మృగము – ఎంపికయందలి ఔచిత్యము

తిరుత్తణి కొండమెట్లు 365. అవి సంవత్సరమునందలి దినములకు సంకేతములని పెద్దలు చెప్పుదురు. ఆ మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిని చేరిన యాత్రికునకు ఒక వింత కానవచ్చును. మయూరవాహనుడని లోకమున ప్రసిద్ధి గన్న స్వామి యెదుట ఇచ్చట నెమలికి మారుగా ఏనుగు నిలిచియున్నది. అంతకంటె వింత యేమనగా, ఆ ఏనుగు స్వామివంక చూడదు. శివాలయమున నంది లింగమునకు అభిముఖముగా నుండుటయు, విష్ణ్వాలయమున గరుత్మంతుడు మూలమూర్తికి అభిముఖముగా నుండుటయు మన మెరిగిన ఆచారము. తిరుత్తణి గజము మాత్రము స్వామికి వెన్నిచ్చి తూర్పుదిక్కును చూచుచున్నది.

ఇది శిల్పి పొరపాటు కాదు. దీనికొక కథ కలదు. ఆ కథకు ముందు ఒక ప్రశ్నను నిలుపవలసియున్నది. దేవతకు గాని, మునికి గాని, వీరునకు గాని ఒక మృగమును తోడుగా కూర్చునపుడు కవి దేనిని ప్రమాణముగా గ్రహింపవలెను? ఆ మృగము బలమునా? దాని లక్షణములనా? లేక ఆ మృగమునకును, దాని తోడివానికిని గల సంబంధమునా?

ఈ ప్రశ్న పురాణములకే పరిమితమైనది కాదు. పాశ్చాత్య దేశమున పుట్టి నేడు మన నగరములలోని యువకులును ఆడుచున్న ఒక కథాక్రీడయందు ఇదే ప్రశ్న నియమరూపమున ఎదురగుచున్నది. 1974వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆ క్రీడ. బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. ఒకడు కథానిర్వాహకుడు. తక్కినవారు తలకొక పాత్రను వహించి, తమ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. జయాపజయములను పాచికలు నిర్ణయించును. కథాకాలక్షేపమునకును జూదమునకును నడుమ నున్న ప్రక్రియ యని దీనిని స్థూలముగా చెప్పవచ్చును. నాటకమునకు లక్షణగ్రంథ మెట్టిదో ఈ క్రీడకు నియమగ్రంథ మట్టిది. లక్షణగ్రంథ మున్నచోట విమర్శకు తావుండక తప్పదు.

1976లో వెలువడిన 'ఎల్డ్రిచ్ విజార్డ్రీ' అను అనుబంధగ్రంథము డ్రూయిడ్ అను పాత్రను ఆటగాండ్రకు అందించినది. డ్రూయిడ్ అనగా అడవినే ఆలయముగా భావించు ముని; మన మాటలో వనముని. చారిత్రకముగా డ్రూయిడ్లు ప్రాచీన కెల్టు జాతుల పురోహితులు. జూలియస్ సీజరు రచనలోను, క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడైన ప్లినీ రచనలోను వారి ప్రసక్తి కలదు. వారు ఓక్ వృక్షమును పవిత్రముగా నెంచిరని ప్లినీ వ్రాసెను. అతడు వర్ణించిన కర్మకాండయందు రెండు తెల్లని వృషభములు కానవచ్చును; కాని యవి బలిపశువులు, తోడు మృగములు కావు. కావున సహచర మృగముతో అడవిలో సంచరించు డ్రూయిడ్ చరిత్రపురుషుడు కాడు, క్రీడాకర్తల కల్పన. కల్పన యగుట దోషము కాదు. జరిగినదానికి సాక్ష్యము చాలును. కల్పించినదానికి ఔచిత్యము కావలెను. రసమునకు ఔచిత్యమే ప్రాణమని పదునొకండవ శతాబ్దియందు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో ప్రతిపాదించిన సిద్ధాంతము ఇచ్చటను వర్తించును.

ఈ ఎంపికకు సంబంధించిన నియమములు కూర్పు కూర్పునకును మారినవి. వానిలో రెండు మిక్కిలి పరిశీలింపదగినవి. 1989 నాటి రెండవ కూర్పులో మృగమైత్రి యను మంత్రమొకటి కలదు. వనముని దానిని జపించి మృగమును చేరదీయును. అయితే అతనికి నిజముగా మైత్రి యందే కోరిక యుండవలెను. ఆ మృగమును భక్షింపవలెననియో, శత్రువు పన్నిన ఉచ్చులపైకి ముందుగా తోలవలెననియో మనస్సున దాచుకొన్నయెడల మృగము ఆ కపటమును పసిగట్టును, మంత్రము ఫలింపదు. 2003 నాటి సవరించిన మూడవ కూర్పున పద్ధతి మారినది. సహచర మృగము వనమునికి పుట్టుకతోనే సంక్రమించు హక్కైనది. ఏ స్థాయియం దే మృగము లభించునో పట్టికలు వెలసినవి. కుక్క, తోడేలు, గుఱ్ఱము, ఒంటె, డేగ, గుడ్లగూబ, చిన్న పాము మొదలగునవి మొదటి స్థాయియందే దొరకును. చిఱుతకు నాలుగవ స్థాయి, పెద్దపులికిని సింహమునకును ఏడవ స్థాయి కావలెను. ఏనుగు దొరకవలెనన్న పదమూడవ స్థాయి వఱకు వేచియుండవలెను. మృగము మరణించినను, ముని దానిని విడిచిపుచ్చినను, ఇరువదినాలుగు గంటల ప్రార్థన చేసి మఱియొకదానిని పొందవచ్చును.

మొదటి నియమము హృదయమును పరీక్షించునది; రెండవది బలమును తూచునది. రెండవదానిని వెంటనే త్రోసిపుచ్చుట న్యాయము కాదు. మృగమును లక్షణములనుబట్టి ఎన్నుకొనుట మన శాస్త్రములును అంగీకరించినవే. తిరుత్తణికి తూర్పున నున్న తిరువళ్లూరు ఇందుకు తగిన సాక్ష్యము నిచ్చుచున్నది. అచ్చటి వీరరాఘవస్వామి శయనించి, కుడిచేతిని శాలిహోత్రుడను ముని శిరస్సుపై నుంచినట్లు దర్శనమిచ్చును. ఏటి పొడవునను ఉపవసించిన ఆ ముని తనకై ఉంచుకొన్న కొద్దిపాటి పిండిని వృద్ధవిప్రుని రూపమున వచ్చిన స్వామికి సమర్పించెనని స్థలపురాణము. శాలిహోత్రుడనియే అశ్వశాస్త్రకర్త యొకడు సంస్కృత వాఙ్మయమున సుప్రసిద్ధుడు. శాలిహోత్ర శబ్దమునకు గుఱ్ఱము అను నర్థమును నిఘంటువులు చెప్పును. ఇరువురును ఒక్కరే యని సాధించుట ఇచ్చటి ఉద్దేశము కాదు. నామసామ్యము మాత్రమే చూపబడినది. ఆ అశ్వశాస్త్ర సంప్రదాయమున సుళ్లను, వన్నెను, నడకను, దంతములను చూచి గుఱ్ఱము నెన్నుకొను పద్ధతి విస్తరింపబడినది. తెలుగున మనుమంచి భట్టు 'హయలక్షణవిలాసము' ఆ త్రోవలోనిదే. కోడిపందెములవారి కుక్కుటశాస్త్రమును అట్టిదే. పుంజు ఈకల వన్నెనుబట్టి డేగయనియు, కాకియనియు, నెమలియనియు పేరుపెట్టి, ఏ దినమున ఏ వన్నె గెలుచునో, ఏ దిక్కునుండి పందెమునకు విడువవలెనో ఆ శాస్త్రము నిర్ణయించును.

కాని ఈ శాస్త్రములు చెప్పునది యుద్ధమునకును పందెమునకును పనికివచ్చు జంతువును గూర్చియే. కొనువానికి ఉపకరించు విద్య యిది. గుఱ్ఱపు సుడి గుఱ్ఱము విలువను చెప్పును. రౌతునకును దానికిని గల అనుబంధమును చెప్పజాలదు. పందెపుకోడి ఓడినచో గెలిచినవాని వంటయింటికి పోవును. అట్టి యెంపికను మునికి అన్వయించునపుడే చిక్కు కలుగుచున్నది. ముని మృగమును కొనువాడు కాడు. అతని చెంతకు మృగ మేల వచ్చినది యను ప్రశ్నకు పట్టికలో సమాధానము దొరకదు. కథలో దొరకవలెను.

కథలో దొరకు విధమును తిరుత్తణి స్వామియే చూపుచున్నాడు. ఆయనను చేరిన ప్రాణులు ఒకే త్రోవను రాలేదు. కచ్చియప్ప శివాచార్యుల కందపురాణమున శూరపద్ముడు మామిడిచెట్టు రూపము దాల్చి నిలువగా స్వామి శక్త్యాయుధము దానిని రెండుగా చీల్చెను. ఒక భాగము నెమలి యయ్యెను, రెండవది కోడి యయ్యెను. నెమలి వాహనము, కోడి ధ్వజము. ఇది జయముచే వచ్చిన తోడు. ఇందలి సొగసు బలమున లేదు. నిన్నటి శత్రువు నేటి వాహనమగుటలో నున్నది. నెమలిపై స్వామి యెక్కినపుడెల్ల ఆ యుద్ధమును, దాని యుపశమమును ఏకకాలమున స్ఫురించును.

వల్లీపరిణయ కథయందు ఏనుగు వేఱొక విధమున ప్రవేశించును. కొర్రచేను కాచుచున్న వల్లి ముదుసలి వేషమున వచ్చిన స్వామిని నిరాకరించెను. స్వామి అన్నయగు వినాయకుని తలచెను. వినాయకుడు అడవియేనుగై ఎదుట నిలువగా వల్లి భయపడి ముదుసలినే ఆశ్రయించెను. ఇది బంధుత్వముచే, అర్థింపగా వచ్చిన తోడు. ఏనుగు బలము ఇచ్చట ఎవరిని గాయపఱుచుటకును వినియోగపడలేదు. అది బెదరించినది, అంతటితో దాని పని ముగిసినది. తన తోబుట్టువునకు సాయపడవచ్చినవానిని ఏ స్థాయిలో చేర్పవలెనని అడుగుట అవివేకము గదా!

మూడవది సన్నిధి యెదుట నున్న గజము. దేవసేనను స్వామికిచ్చి వివాహము చేసిన యింద్రుడు అరణముగా ఐరావతమును సమర్పించెను. ఐరావతము వెడలినది మొదలు స్వర్గమున సంపద క్షీణింపసాగినది. ఆ సంగతి తెలిసి స్వామి దానిని మరలించెదనన్నను ఇంద్రుడు ఇచ్చిన సొత్తును తిరిగి గ్రహింపనొల్లక, దాని చూపు తన దిక్కునకు ఉండిన చాలునని వేడుకొనెను. స్వామి అనుగ్రహించెను. తూర్పు ఇంద్రుని దిక్కు. కావుననే తిరుత్తణి గజము నేటికిని తూర్పును చూచుచున్నది.

ఈ కథయందలి ఔచిత్యము గమనింపదగినది. బలమునుబట్టి చూచిన ఐరావతమునకు మించిన మృగము లేదు. అయినను కథ దాని బలమును గూర్చి ఒక్క మాటయైన చెప్పదు. అది యెవరి యింటిది, ఎవరి కన్నీరు తుడుచుటకు ఎటు చూచుచున్నది, అనునదియే కథకు ప్రధానము. తోడుగా వచ్చిన ప్రాణికి తనదైన ఒక దిక్కుండుననియు, యజమానుడు ఆ దిక్కును మన్నింపవలెననియు ఈ కథ తాత్పర్యము. స్వామి తన వాహనమును తనవంకకు త్రిప్పుకొనలేదు. వెన్నిచ్చి నిలుచుటను అవిధేయతగా నెంచలేదు. సహచరమునకును సాధనమునకును గల భేద మిదియే. సాధనము పట్టుకొన్నవాని చేతివంకనే తిరుగును. సహచరమునకు వెనుకటి యిల్లొకటి యుండును.

ఈ సీమకు దూరము కాని శ్రీకాళహస్తి క్షేత్రకథతో పోల్చిచూచిన పట్టికాపద్ధతి లోపము మఱింత స్పష్టమగును. పదునాఱవ శతాబ్దివాడైన ధూర్జటి నాలుగాశ్వాసముల 'కాళహస్తీశ్వర మాహాత్మ్యము'న ఆ కథను తెలుగు చేసెను. సాలెపురుగు, పాము, ఏనుగు అను మూడు ప్రాణులు లింగము నారాధించినవి. క్షేత్రనామమే వాని నామముల కూడిక: శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా సర్పము, హస్తి యనగా ఏనుగు. ఈ మూడింటిని 2003 నాటి పట్టిక ముందుంచుడు. పాము మొదటి స్థాయికి చెందును. ఏనుగు పదమూడవ స్థాయికి చెందును. సాలెపురుగునకు అసలు స్థానమే లేదు. ఆ నియమగ్రంథము పురుగులను మనస్సు లేని వేఱొక జాతిగా విభజించి, సాహచర్యమునకు తగవని విడిచినది. క్షేత్రకథలో జరిగిన దేమి? సాలెపురుగు తన దారముతో స్వామికి మంటపములు కట్టినది. దీపశిఖ దానిని దహింపగా ఆ దీపమునే మ్రింగబోయినది. పాము అర్పించిన మణులను ఏనుగు తొలగించి నీటను పత్రములను అర్పించినది; ఏనుగు అర్పించినదానిని పాము తొలగించినది. కడకు పాము తొండమున దూరగా ఏనుగు కొండను మోదుకొని, రెండును ప్రాణములు విడిచినవి. మొదటి స్థాయి ప్రాణి పదమూడవ స్థాయి ప్రాణిని కూల్చినది. మూడింటికిని లభించిన ముక్తి ఒక్కటియే.

ఇందొక సూక్ష్మము కూడ కలదు. పాముది గాని, ఏనుగుది గాని భక్తియందు లోపము కాదు. ఒకదాని పూజాపద్ధతి మఱియొకదానికి తెలియకపోవుటయే అనర్థమునకు మూలము. అనేక మృగములను ఒకే మునికి తోడుగా కూర్చు కథకుడు ఈ విషయమును మఱువరాదు. ప్రతి ప్రాణికిని తన ప్రేమను తెలుపు విధానము వేఱు. ఆ వేఱుదనమే కథకు బీజము.

ఇక మృగము మరణించినచో ఇరువదినాలుగు గంటల ప్రార్థనతో మఱియొకదానిని పొందు నియమమును విచారింతము. దీనికి భారతమునందలి మహాప్రస్థానిక కథ సమాధానము. తిక్కన తెలుగు చేసిన ఆ కథను ఎఱుగనివారు లేరు. తమ్ములును ద్రౌపదియు త్రోవలో పడిపోగా, ధర్మరాజు వెంట కుక్క యొక్కటి మిగిలినది. ఇంద్రుడు రథమును దెచ్చి రమ్మన్నను, కుక్కను విడిచి రానని ఆ రాజు నిలిచెను. ధర్మరాజు ఆ కుక్కను ఎన్నుకొనలేదు. దానికి పేరు పెట్టలేదు. దానివలన యుద్ధమున ఏ ప్రయోజనమును పొందలేదు. అది వెంటవచ్చినది, వెంటవచ్చినదానిని విడుచుట పాపమని అతడు తలచెను. పట్టికయందు కుక్క మొదటి స్థాయి మృగము. పదమూడవ స్థాయికి చేరిన మునికి దానిని విడిచి ఏనుగును కోరుకొను స్వేచ్ఛ కలదు. ధర్మరాజునకు స్వర్గమే ఎదుట నిలిచినను అట్టి స్వేచ్ఛ రుచింపలేదు.

ఇచ్చట ఒక పూర్వపక్షము రాగలదు. క్రీడ క్రీడయే, నలుగురు ఆటగాండ్రలో ఒకనికి మొదటిదినముననే ఏనుగు లభించినచో తక్కిన మువ్వురకు పనియుండదు, కావున స్థాయీభేదము సమత్వమునకై యేర్పడినది గాని మృగముల నవమానించుటకు గాదు. ఈ వాదము సమంజసమే. పైగా 2003 నాటి నియమములు విశ్వాసమునకు కొంత మన్నన చూపినవి. తొలి మృగమునే విడువక నిలుపుకొన్న మునికి ఆ మృగమే అతనితోపాటు బలపడుచుండును; హెచ్చు స్థాయి మృగమును కోరినవానికి ఆ యదనపు బలము తగ్గును. ఇది మెచ్చదగిన నియమము. అయినను ఒక లోపము మిగులుచున్నది. ఈ మన్నన కూడ బలముతోనే కొలువబడినది. విడువనివానికి ప్రతిఫలము చూపినచో, అతడు ప్రేమచే విడువలేదో లాభముచే విడువలేదో తెలియు మార్గమెట్టిది? 1989 నాటి మంత్రము ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. మృగమే దానిని కనిపెట్టునని చెప్పినది. కావున ఔచిత్యదృష్టిచే పాత నియమమే క్రొత్తదానికంటె ఉత్తమమని నిర్ణయింపవలసియున్నది. 2014 నాటి అయిదవ కూర్పు డ్రూయిడ్‌కు శాశ్వత సహచరమును ఈయక, తానే మృగరూపము దాల్చు శక్తిని ప్రధానముగా నిలిపినది. చిక్కుముడి విప్పుటకు మాఱుగా దారమునే తీసివేసినట్లైనది.

ఈ చర్చ వట్టి వినోదము కాదు. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు బాలుడు నేడీ యాటకు కూర్చున్నచో, తన వనమునికి తోడుగా దేనిని కోరుకొనును? పుస్తకము చూపిన తోడేలునే కోరుకొనుట సహజము. తోడేలు మన నేలకు పరాయి కాదు. మెట్టభూముల గొల్లలకు అది బాగుగా తెలిసిన ప్రాణి. కాని వారికది మందపై పడు శత్రువు. పేరులో తోడు అను మాట యున్నంత మాత్రమున తోడేలు తోడు కాజాలదు. గొల్లల శత్రువు మునికి మిత్రమెట్లయ్యెనో చెప్పగలిగిననాడు ఆ యెంపికయు సార్థకమగును. శూరపద్ముడు నెమలియైన కథకు అది చెల్లెలగును. చెప్పలేనినాడు అది అద్దెకు తెచ్చిన మృగమే. ఇంటి దూలమున సాలెపురుగును ఎన్నుకొన్న బాలుడు, అది దేనికై దారము వడకుచున్నదో చెప్పగలిగినచో, ఏనుగు నెన్నుకొన్నవానికంటె గొప్ప కథకుడగును.

కావున ఎంపికకు ముందు కథకుడు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. మృగము ఏ త్రోవను వచ్చినది: జయముననా, బంధుత్వముననా, దానముననా, తనంత తానుగనా? వచ్చిన పిమ్మట దాని చూపు ఏ దిక్కున నున్నది? అది లేనినాడు ముని యేమగును? మూడవ ప్రశ్నకు 'మఱియొకటి వచ్చును' అనుటయే సమాధానమైనచో, మొదటి రెండు ప్రశ్నలను అడుగనక్కఱలేదు.

రెండవ ప్రశ్న ఈ సీమవారికి మిక్కిలి దగ్గఱిది. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున చేరినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. ఇచ్చిపుచ్చుకొన్న ఊళ్లలో మనుజులును ఉండిరి. చేరిన యింట నమ్మకముగా పనిచేయుచు, పుట్టినింటి మాటను మఱువక యుండుట ద్రోహము కాదని వారికి వేఱొకరు బోధింపనక్కఱలేదు. కొండపై ఏనుగు స్వామి కొలువును విడిచిపోలేదు. ఇంద్రుని దిక్కును చూచుట మానలేదు. స్వామి దానిని కోపింపలేదు. తమిళ యాత్రికులును, తెలుగు యాత్రికులును ఆ ఏనుగు ముందర ఒకే విధముగా చేతులు మోడ్చి, దాని ప్రక్కగా లోనికి పోవుచున్నారు.